ఆ రోజుల్లోనూ అందరూ ఒప్పుకోలేదు

ప్రశ్న: నమస్తే అండీ. మేము డల్లాస్ దగ్గర ఉంటాం. మా నాన్నగారు విజయవాడలో డెబ్బైల్లో కొన్న ఇంద్రజాల్ కామిక్స్‌ని బైండు చేయించి దాచుకున్నారు. పోయిన వేసవిలో వెళ్లినప్పుడు "మనవడు చదువుకుంటాడు" అంటూ నాలుగు బైండ్లు నా సూట్‌కేసులో పెట్టారు. మా వాడికి పదేళ్లు. ముసుగు వేసుకుని అడవిని కాపాడే హీరో ఫాంటమ్ అంటే పిచ్చి ఇష్టం. వాడి క్లాస్‌మేటు ఒక ఆఫ్రికన్ అమెరికన్ బాబు, మా ఇంటికి తరచూ వస్తుంటాడు. మొన్నొక శనివారం ఇద్దరూ సోఫాలో కూర్చుని ఒక బైండు తిరగేస్తున్నారు. "అడవిలో అందరూ నల్లవాళ్లే కదా, మరి వాళ్ల మీద పెద్ద తెల్లవాడెందుకు?" అని ఆ బాబు అడిగాడు. మా వాడు "అతనే కదా హీరో" అన్నాడు. ఆ బాబు పుస్తకం మూసి పక్కన పెట్టేశాడు. నేను వంటింట్లోంచి విన్నాను, కానీ ఏమనాలో తోచలేదు. ఆ తర్వాత ఆ బాబు మా ఇంటికి రావడం లేదు. మా వారేమో "ఆ రోజుల్లో అందరూ అలాగే గీసేవారు, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు" అంటున్నారు. ఆ పుస్తకాలు పారెయ్యాలా, దాచెయ్యాలా? ఆ తల్లితో ఏం మాట్లాడాలి? నాన్నగారికి తెలిస్తే నొచ్చుకుంటారేమో. – ఒక పాఠకురాలు, టెక్సాస్

సమాధానం: అమ్మా, ముందు ఒక మాట. ఆ బాబు అడిగింది చాలా మంచి ప్రశ్న. ఇంద్రజాల్ కామిక్స్ ప్రాణంగా చదివిన మా తరంలో చాలామందికి ఆ ప్రశ్న రానేలేదు. అద్దె పుస్తకాల షాపులో వంతు కోసం ఎదురుచూసి మరీ చదివాం. కపాల గుహలో సింహాసనం మీద అతను, చుట్టూ చేతుల్లో విషపు బాణాలతో ఆ అడవిలోని బాందార్ జాతి మరుగుజ్జులు. అంతా సహజంగానే అనిపించేది. పదేళ్ల పిల్లాడు ఒక్క పేజీ చూసి అసలు విషయం పట్టుకున్నాడు. దానికి మీ వాడు చెప్పిన జవాబు కూడా నిజమే, ఆ కథలో హీరో అతనే. అతన్ని హీరోని ఎవరు చేశారు, మిగతావాళ్లు ఎందుకు కాలేకపోయారు అన్న దగ్గర నుంచి మీరు మాట్లాడాల్సింది మొదలవుతుంది.

పుస్తకాలు పారెయ్యకండి. ఆ తల్లితో ఈ వారంలోనే మాట్లాడండి. ఈ రెండింటి గురించీ కింద వివరంగా రాస్తాను. అయితే మీ వారి మాట సంగతి ముందు చూడాలి. అది మనందరి ఇళ్లలో వినపడే మాట. అది నిజమే అయితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ రోజుల్లో అందరూ అలాగే గీసేవారా? చాలామంది గీశారు. కానీ "అందరూ ఒప్పుకున్నారు" అనేది అబద్ధం. 1940ల్లో అమెరికాలో కెప్టెన్ మార్వెల్ కామిక్స్ లక్షల్లో అమ్ముడుపోయేవి. అందులో స్టీమ్‌బోట్ అనే నల్లజాతి పాత్ర ఉండేది. లావుపాటి పెదాలు, గుడ్లప్పగించిన కళ్లు, వచ్చీరాని ఇంగ్లిష్, అన్నిటికీ భయపడే పనివాడు. 1945లో న్యూయార్క్ స్కూలు పిల్లలు కొందరు ఆ పత్రిక ఆఫీసుకి వెళ్లారు. ఆ బొమ్మని పెద్దగా చేసి పట్టుకెళ్లి ఎడిటర్ ముందు పెట్టారు. మా జాతి ఇలా ఉండదు, కానీ మీ పత్రిక చదివే లక్షల మంది ఇలాగే ఉంటుందని నమ్ముతారు అని చెప్పారు. స్టీమ్‌బోట్ ఆ పత్రిక నుంచి మాయమయ్యాడు. వాళ్లు మీ అబ్బాయికన్నా కొంచెం పెద్ద పిల్లలు, అంతే. దీని గురించి చదివినప్పుడల్లా నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

1947లో ఫిలడెల్ఫియాలో ఓరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి పాత్రికేయుడు ఇంకో అడుగు వేశాడు. రాసేవాళ్లు, గీసేవాళ్లు అందరూ నల్లజాతివాళ్లే ఉండేలా ఒక కామిక్ పుస్తకం తెచ్చాడు. పేరు ఆల్ నీగ్రో కామిక్స్, ధర 15 సెంట్లు. అందులో డిటెక్టివ్ నల్లవాడు, అడవి హీరో కూడా నల్లవాడే. రెండో సంచిక బొమ్మలు సిద్ధమయ్యాయి కానీ అతనికి న్యూస్‌ప్రింట్ అమ్మేవాళ్లు దొరకలేదు, పుస్తకం ఒక్క సంచికతో ఆగిపోయింది. "ఆ రోజుల్లో అంతే" అని మనం ఇంత తేలిగ్గా అనగలుగుతున్నాం అంటే, వద్దన్నవాళ్ల గొంతు మన దాకా రాకుండా ఆగిపోవడం కూడా ఒక కారణం.

మీ నాన్నగారి బైండ్ల గురించి మీ వారికి ఇంకో సంగతి కూడా చెప్పండి. రచయిత లీ ఫాక్ 1936లో ఫాంటమ్ మొదలుపెట్టినప్పుడు ఆ హీరో ఉండే దేశం పేరు బెంగాలీ. అది ఆసియాలో ఎక్కడో ఉన్నట్టు ఉండేది. దశాబ్దాలు గడిచేకొద్దీ మెల్లగా ఆఫ్రికాకి జరిగి బంగల్లా అయింది. మొదటి ఫాంటమ్ తండ్రిని చంపినవాళ్లు సింగ్ అనే సముద్రపు దొంగల ముఠా. 1964లో టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టినప్పుడు ఇవి మన పాఠకులకు ఇబ్బందిగా ఉంటాయని మార్చారు. బెంగాలీ డెంకాలీ అయింది, సింగ్ ముఠా సింగా ముఠా అయింది. మీ బైండ్లు తెరిస్తే మీకే కనపడుతుంది. అంటే బొంబాయిలో కూర్చున్న సంపాదకుడికి, ఒక జాతి మొత్తాన్ని దొంగలుగా చూపిస్తే ఆ జాతివాళ్లు నొచ్చుకుంటారని ఆ రోజుల్లోనే బాగా తెలుసు. మన దాకా వస్తే తెలిసింది. పక్క పేజీలో గడ్డి లంగాలతో ఉన్నవాళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు, వాళ్లు ఆ పుస్తకం కొనేవాళ్లు కాదు కాబట్టి.

మీ బైండ్లలో లీ ఫాకే రాసిన మాంత్రికుడు మాండ్రేక్ కథలు కూడా ఉండే ఉంటాయి. అతని పక్కన ఉండే లోథార్ సంగతి చూడండి. 1934లో మొదలైనప్పుడు లోథార్ చిరుతపులి తోలు చుట్టుకుని, నెత్తిన ఫెజ్ టోపీ పెట్టుకుని, సూటూ కోటూ వేసుకున్న మాంత్రికుడి వెంట సామాన్లు మోస్తూ తిరిగే బలశాలి. సరిగ్గా మాట్లాడటం కూడా రాదు. కథ ప్రకారం అతను ఏడు జాతులకు రాజు కావాల్సిన యువరాజు! 1965లో ఫ్రెడ్ ఫ్రెడరిక్స్ బొమ్మలు వేయడం మొదలుపెట్టాక లోథార్ మంచి ఇంగ్లిష్ మాట్లాడాడు, చొక్కా తొడిగాడు, సేవకుడు స్నేహితుడయ్యాడు. రాసింది అప్పుడూ లీ ఫాకే. ఫాంటమ్ కథల్లోకి కూడా బంగల్లా ప్రజలు ఓట్లేసి గెలిపించిన నల్లజాతి అధ్యక్షుడు లువాగా వచ్చాడు. చదువుకున్న డాక్టరు, నియంత బబాబుతో పోరాడినవాడు. మధ్యలో బయట ఏం జరిగిందో చూడండి. ఆఫ్రికాలో ఒక్కో దేశం స్వతంత్రమవుతోంది, అమెరికాలో పౌరహక్కుల ఉద్యమం నడుస్తోంది, 1964లో చట్టం వచ్చింది. రచయిత చేయి దానంతటదే మారలేదు. వీధుల్లోకి వచ్చి అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి మారింది.

మారినా పూర్తిగా మారదు. ఇందుకు బెల్జియం కామిక్ హీరో, కుర్ర విలేకరి టిన్‌టిన్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. మీ అబ్బాయి స్కూలు లైబ్రరీలో ఆ పుస్తకాలు ఇప్పటికే చదివి ఉంటాడు. ఆ కథలు రాసి గీసిన ఎర్జే 1930–31లో బ్రస్సెల్స్‌లో ఒక పత్రిక పిల్లల అనుబంధంలో టిన్‌టిన్‌ని కాంగో పంపించాడు. అప్పటికి కాంగో బెల్జియం వలస. అంతకుముందు 1885 నుంచి 1908 దాకా అది బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. రబ్బరు తేలేదని మనుషుల చేతులు నరికిన చోటు అది. ఎర్జే అప్పటికి కాంగో మొహం చూడలేదు. ఆయన గీసిన కాంగోలో మనుషులందరికీ ఒకటే మొహం, టిన్‌టిన్‌కీ అతని కుక్కకీ మొక్కే మనుషులు. ఒక బడిలో టిన్‌టిన్ పిల్లలకి "మీ దేశం బెల్జియం" గురించి పాఠం చెబుతాడు.

1946లో రంగుల్లో మళ్లీ గీసేటప్పుడు ఎర్జే ఆ పాఠం తీసేసి లెక్కల పాఠం పెట్టాడు. మొహాలు మాత్రం అలాగే ఉంచాడు. 1975లో స్కాండినేవియా ప్రచురణకర్తలు ఒక పేజీకి అభ్యంతరం చెప్పారు. అందులో టిన్‌టిన్ ఖడ్గమృగానికి రంధ్రం చేసి డైనమైట్ పెట్టి పేలుస్తాడు. ఎర్జే ఆ పేజీ కొత్తగా గీసి ఇచ్చాడు, ఖడ్గమృగం బతికిపోయింది. అప్పటికి కాంగోకి స్వాతంత్ర్యం వచ్చి పదిహేనేళ్లయినా, అదే పుస్తకంలోని మనుషుల బొమ్మలు మాత్రం మారలేదు. ఈ రెండు వాస్తవాలు పక్కపక్కన పెట్టుకుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది.

అదే ఎర్జే 1934లో చైనా కథ మొదలుపెట్టే ముందు బ్రస్సెల్స్ ఆర్ట్ అకాడమీలో చదువుతున్న జాంగ్ చోంగ్‌రెన్ అనే చైనా విద్యార్థిని కలిశాడు. జాంగ్ తన దేశం గురించి చెప్పాడు, కుంచె పట్టడం చూపించాడు, గోడల మీది చైనా రాతలు తనే రాసిచ్చాడు. ఆ కథలో చైనావాళ్లు మనుషులుగా ఉన్నారు. తెల్లవాళ్లు చైనావాళ్ల గురించి నమ్మే చెత్తంతా టిన్‌టిన్ చేత చెప్పించి, అదంతా అబద్ధమని నవ్వించాడు కూడా. అయితే అదే పుస్తకంలో జపానువాళ్లు ఎత్తు పళ్లతో విలన్లుగానే ఉండిపోయారు, ఎందుకంటే ఆయనకు జపాను స్నేహితుడు లేడు. మీ ఇంట్లో జరిగినదానికి దీనికీ నేరుగా సంబంధం ఉంది. మీ వాడికి ఒక స్నేహితుడు ఉన్నాడు, ఆ స్నేహితుడు ఒక పేజీ చూసి ప్రశ్న అడిగాడు. ఇరవై ఆరేళ్ల ఎర్జేకి దొరికిన అదృష్టం మీ వాడికి పదేళ్లకే దొరికింది. అది చేజారనివ్వకండి.

ఇక పుస్తకాలు. వీటితో ఏం చేయాలన్నదాని మీద పెద్ద పెద్ద సంస్థలే తలో దారి పట్టాయి. 2021 మార్చిలో పిల్లల రచయిత డాక్టర్ సూస్ పుస్తకాల హక్కులున్న సంస్థ వాటిలో ఆరింటి ముద్రణ ఆపేసింది. 2007లో బ్రిటన్‌లో ఒక ఫిర్యాదు తర్వాత బోర్డర్స్ పుస్తకాల దుకాణాలు టిన్‌టిన్ కాంగో పుస్తకాన్ని పిల్లల అరల నుంచి తీసి పెద్దల అరల్లో పెట్టాయి. అదే పుస్తకాన్ని నిషేధించాలని కాంగో నుంచి వచ్చి బెల్జియంలో ఉంటున్న ఒకాయన కోర్టుకి వెళ్తే 2012లో కోర్టు ఒప్పుకోలేదు. వార్నర్ కంపెనీ తన పాత కార్టూన్లని కత్తిరించకుండా డీవీడీలుగా తెచ్చింది. ముందు ఒక ప్రకటన పెట్టింది, ఈ చిత్రణలు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని. నాకు అన్నిటికన్నా ఆ దారి నచ్చింది. అందులో "ఆ కాలం అలాంటిది" అనే సాకు లేదు. తీసేస్తే అసలు అలాంటివి లేనే లేవన్నట్టు అవుతుందని కూడా వాళ్లు చెప్పారు.

కాబట్టి మీ నాన్నగారి బైండ్లు ఇంట్లో ఉండనివ్వండి, హాల్లో సోఫా పక్కన మాత్రం వద్దు. మీ గదిలో, మీ పుస్తకాలతో పాటు ఉంచండి. పదేళ్ల పిల్లాడు ఒక్కడే కూర్చుని చదువుకునే పుస్తకంగా కాకుండా మీతో కలిసి చదివే పుస్తకంగా మార్చండి. దాచేస్తే వాడికి తెలిసేది ఒక్కటే, ఫ్రెండు ఏదో అడగ్గానే అమ్మ నా ఫాంటమ్‌ని లాగేసుకుంది అని. అప్పుడు కోపం ఆ స్నేహితుడి మీదకు పోతుంది.

వాడితో కూర్చున్నప్పుడు ఉపన్యాసం ఇవ్వకండి. ఒక కథ తీసి ఆడుకున్నట్టే అడగండి. ఈ పేజీలో పేరున్నవాళ్లు ఎంతమంది? పేరు లేనివాళ్లు ఎవరు? ఏం చేయాలో నిర్ణయించింది ఎవరు? బాందార్ జాతికి గురాన్ పెద్ద, ఫాంటమ్‌కి చిన్ననాటి స్నేహితుడు. ఈ కథ గురాన్ చెబితే ఎలా ఉంటుంది? ఈ చివరి ప్రశ్న దగ్గర ఆగండి, వాడిని రాయమనండి, గీయమనండి. ఫాంటమ్‌లో మంచి ఏమీ లేదని మాత్రం అనకండి. బానిసత్వానికి ఎదురునిల్చే హీరో అతను, వాసాకా జాతి చేతిలో బానిసలుగా ఉన్న బాందార్‌లకి మొదటి ఫాంటమ్ విముక్తి తెచ్చాడు. కథలో ఉన్న దయ నిజం. ఆ దయ ఎప్పుడూ ఒక వైపు నుంచే, పైనుంచి కిందికే వస్తుందన్నదీ నిజం. పదేళ్ల పిల్లలు ఈ రెండూ ఒకేసారి అర్థం చేసుకోగలరు, పెద్దవాళ్లకే కష్టం. పనిలో పనిగా వాడికి మన బొమ్మ కూడా చూపించండి. 1935లో అమెరికా పత్రికల్లో లిటిల్ ఆర్ఫన్ యానీ కామిక్‌లోకి పంజాబ్ అనే పాత్ర వచ్చింది. తలపాగా పెట్టుకుని, మంత్రాలు తెలిసిన భారీ మనిషి, కోటీశ్వరుడి అంగరక్షకుడు. అతనికి పేరు కూడా లేదు, ఒక ప్రాంతం పేరే అతని పేరు. నిన్ను చూసి స్కూల్లో ఎవరైనా "ఇతనే కదా నువ్వు" అంటే ఎలా ఉంటుందని అడగండి. మీ వాడికి ఆ తర్వాత ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఆ తల్లి విషయం. ఆమె కోపంగా ఉందని, బాబు రాకపోవడానికి ఇదే కారణమని ముందే ఖాయం చేసుకోకండి. పిల్లలకి ఫుట్‌బాల్ ప్రాక్టీసు ఉండొచ్చు, జ్వరం వచ్చి ఉండొచ్చు. అయినా మీరే ముందు ఫోన్ చేయండి, మెసేజీ వద్దు. జరిగింది నాలుగు వాక్యాల్లో చెప్పండి. మా ఇంట్లో మా నాన్నగారి పాత కామిక్స్ ఉన్నాయి, అందులో ఆఫ్రికా మనుషులని అవమానకరంగా చూపించిన బొమ్మలున్నాయి, మీ అబ్బాయి దాని గురించి సరైన ప్రశ్న అడిగితే నేను విని కూడా జవాబు చెప్పలేదు, అందుకు క్షమించండి, ఇప్పుడు మా వాడితో మాట్లాడుతున్నాను అని. అక్కడ ఆగిపోండి. ఇంద్రజాల్ చరిత్ర ఆమెకి చెప్పకండి. మాకు తెలియదండీ, మాది ఇండియా కదా అనకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, "ఏం ఫర్వాలేదు" అని ఆమె చేత అనిపించుకోవాలని చూడకండి. ఆమె ఆ మాట అనొచ్చు, అనకపోవచ్చు. ఏదైనా అడిగితే వినండి.

ఆ బాబు మళ్లీ వచ్చినప్పుడు అతనికి కూడా ఒక్క మాట నేరుగా చెప్పండి. "నువ్వు ఆ రోజు మంచి ప్రశ్న అడిగావు, నేను జవాబు చెప్పాల్సింది" అని. అంతకుమించి ఆ పిల్లాడిని ఇంట్లో టీచర్ని చేయకండి, ప్రతి పుస్తకం చూపించి "ఇది ఫర్వాలేదా" అని అడగకండి. అతను ఆడుకోవడానికి వస్తాడు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన కొద్ది రోజులకే లాస్ ఏంజెలెస్‌లో హ్యారియట్ గ్లిక్‌మన్ అనే తెల్లజాతి టీచరమ్మ, పీనట్స్ అనే పిల్లల కామిక్ గీసే చార్లెస్ షుల్జ్‌కి ఉత్తరం రాసింది. మీ కామిక్‌లో చార్లీ బ్రౌన్ స్నేహితుల్లో ఒక నల్లజాతి పిల్లాడిని పెట్టండి అని. తను అలా పెడితే జాలి చూపించినట్టు ఉంటుందేమోనని షుల్జ్ సంకోచించాడు. ఆవిడ వదలకుండా, తనకు తెలిసిన నల్లజాతి తల్లిదండ్రుల అభిప్రాయాలు కూడా ఆయనకి పంపించింది. జూలై 31న ఆ కామిక్‌లోకి ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి పిల్లాడు వచ్చాడు. బీచ్‌లో కొట్టుకుపోయిన బంతి తెచ్చి ఇచ్చి, మామూలుగా మాట్లాడి వెళ్లాడు. ఆ తర్వాత ఫ్రాంక్లిన్‌ని తెల్లపిల్లలతో ఒకే క్లాసులో కూర్చోబెట్టడం ఏమిటని దక్షిణాది ఎడిటర్ ఒకరు అభ్యంతరం చెప్పారు. షుల్జ్ పట్టించుకోలేదు. ఇంట్లో కూర్చుని ఉత్తరం రాసిన ఒక తల్లి చేయగలిగిన పని అది. మీరు రాసిన ఉత్తరం చదివినప్పుడు నాకు మొదట ఆవిడే గుర్తొచ్చింది.

మీ వారు ఇంకా "మనకెందుకు" అంటే, మీరు ఆ దేశంలో ఎలా ఉండగలుగుతున్నారో గుర్తు చేయండి. 1923లో అమెరికా సుప్రీం కోర్టు, అక్కడ ఉంటున్న భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి కేసులో భారతీయులు తెల్లవాళ్లు కాదు, పౌరసత్వం లేదు అని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారాక కూడా ఏడాదికి వంద మంది భారతీయులకే వలస వచ్చే అవకాశం. ఆ తలుపు పెద్దగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. నల్లజాతివాళ్లు దెబ్బలు తిని, జైళ్లకి వెళ్లి నడిపిన ఉద్యమం తెచ్చిన మార్పుల్లో అదీ ఒకటి. డల్లాస్‌లో మన గుళ్లు, మన సంఘాలు, మన ఇళ్లు అన్నీ ఆ తర్వాతవే. అలాంటి మనం మన విందుల్లో వాళ్ల గురించి ఎలా మాట్లాడుకుంటామో మీకు తెలుసు. పిల్ల కాస్త చామనఛాయలో పుడితే ఏమంటామో కూడా తెలుసు. మీ వాడు ఆ బైండ్లకన్నా ముందు నుంచీ ఆ మాటలు వింటున్నాడు. వాడి ముందు అవి ఆపించడం మీకు ఆ తల్లితో ఫోన్ మాట్లాడటం కన్నా కష్టం కావచ్చు, అయినా ఆపించండి.

నాన్నగారి గురించి మీరు అనవసరంగా భయపడుతున్నారేమో. ఆయన దాచుకున్నవి పారేస్తే నొచ్చుకుంటారు, వాటి గురించి మాట్లాడితే ఎందుకు నొచ్చుకుంటారు? వీడియో కాల్‌లో మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది చెప్పండి. డెబ్బైల్లో ఆ కథలు చదివేటప్పుడు అడవి మనుషుల గురించి ఏమనుకునేవారో అడగండి. డెంకాలీ, సింగా సంగతి ఆయనకి తెలుసేమో కనుక్కోండి. తెలియకపోతే మీ వాడినే బైండు తెరిచి తాతయ్యకి ఆ పేజీలు చూపించి చెప్పమనండి.